చిల్లి పెట్టిన గవ్వలు

బెనిన్ తీరాన, విదా ఊళ్ళో,
అగోసీ ఇంటి వెనక సెప్టిక్ గుంట తవ్వుతుంటే
పారకి ఠంగుమని తగిలింది కుండ.

మేస్త్రీ డోసూ ఎర్రమట్టి దులిపి
బంగారమేమోనని ముందు తనే తొంగిచూశాడు.
గవ్వలు.
మెడదాకా గవ్వలు,
పళ్ళు ఇకిలించుకుని.

"ఇవి చెల్లవు కదమ్మా" అని నవ్వాడు.
ఆమె నవ్వలేదు.
ఒకటి తీసి చిన్నపిల్లలా నాలుక మీద పెట్టుకుంది.
ఉప్పు లేదు. మట్టి రుచి.

గవ్వల వీపున ఒక్కొక్క చిల్లు.
తాడు ఎప్పుడో మన్నయిపోయింది,
లెక్క మాత్రం చిల్లుల్లో మిగిలింది:
దండకి నలభై.
నలభై దాకా ఎంచడం ఆమెకి నాయనమ్మ నేర్పింది
ఒట్టి వేళ్ళతో,
లేని దండని ఒళ్ళోకి లాక్కుంటూ.

పై గదిలో అద్దెకున్న నేను
మెట్ల మీదే నిలబడిపోయాను.
నా భాషలో చిల్లిగవ్వ అంటే ఏమీ లేకపోవడం.
అప్పు అడిగినవాడికి మేమిచ్చే మొదటి జవాబు.
ఇక్కడేమో చిల్లి పడ్డాకే అది డబ్బు.
దండకెక్కని గవ్వని
మిరపకాయలమ్మే మనిషి కూడా ముట్టేది కాదట.
అదే చిల్లు.
ఒకచోట విలువంతా అందులోంచే కారిపోయింది,
ఒకచోట తాడు అందులోంచే దూరింది.

నాయనమ్మ చెప్పేదట,
గవ్వలు ఊరికే పుట్టవు, మేస్తాయని.
ఓడవాళ్ళు మనిషిని కట్టి నీళ్ళలోకి దించేవారని,
ఒంటిని పట్టుకున్న గవ్వల్ని ఒలిచి
బస్తాలకెత్తి
మళ్ళీ వచ్చేవారని,
ఇంకో మనిషిని కొనడానికి.

"నమ్మావా?" అన్నాను.
"కథ అబద్ధం" అంది అగోసీ.
"ధర నిజం."

ఆ కథకి రెండో కొస నాకు తెలుసు.
గవ్వలు పుట్టింది మాల్దీవుల్లో.
మొలలోతు నీళ్ళలో కొబ్బరిమట్టలు పరిచి,
అంటుకున్నవాటిని దులిపి,
లోపలి ప్రాణి కుళ్ళేదాకా ఇసకలో పాతిపెట్టి
ఓ ఆడమనిషి కూర్చుని ఉంటుంది.
కంబులో అనుకుందాం,
ఆమె పేరు ఎవరూ రాసి పెట్టలేదు.
గవ్వలు పోతే బియ్యం వచ్చేది.
ఆ రాత్రి ఆమె వార్చిన గంజికీ
ఈ రేవులో ఈడ్చిన సంకెలకీ
మధ్య ఒకే దారం.
అటు కొస ఆమెకి కనబడలేదు.
కనబడకుండా ఉండడానికే కదా
అన్ని సముద్రాలు దాటించింది.

తర్వాత తెల్లదొరలొచ్చి
తలపన్ను ఫ్రాంకుల్లోనే కట్టమన్నారు.
ఊరు దాచుకున్నదంతా
ఉన్నట్టుండి పెంకులయ్యింది.
అగోసీ ముత్తవ్వ ఏడవలేదట.
గవ్వలన్నీ కుండకెత్తి, మూతి బిగించి,
"దొరలు పోతారు, ఇవి మళ్ళీ చెల్లుతాయి"
అని గొయ్యి పూడ్చిందట.

దొరలు పోయారు.
ఫ్రాంకు పోలేదు.

పొద్దువాలాక డోసూ కూలి అడిగాడు.
అగోసీ ఫోను తీసి నాలుగంకెలు నొక్కింది.
అతని జేబులో ఏదో చిన్నగా వణికింది.
అంతే.
చేతిలోంచి చేతిలోకి ఏదీ వెళ్ళలేదు,
బరువు లేదు, చప్పుడు లేదు, చిల్లు కూడా లేదు.
అతను తెర చూసుకుని తృప్తిగా తలూపాడు.

దీపం కింద ఆమె గవ్వలు కడిగింది.
గాలపు తీగ తెంపి గుచ్చడం మొదలుపెట్టింది
పెదవులు కదుపుతూ.
ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది.
ఆగింది.
ఒకదానికి చిల్లు లేదు.
తిప్పి చూసింది, దీపానికి అడ్డం పెట్టి చూసింది,
నా వైపు విసిరింది.

"ఇది ఇక్కడ పనికిరాదు.
మీ దగ్గర చెల్లుతుందేమో, ఉంచుకో."

జేబులో వేసుకున్నాను.
గుంట ఇంకా మూడడుగులు తవ్వాలి.